ఉండేదెక్కడ?

కనిగిరిలో సివిక్స్ చెప్పే నాకు ఏటా వేసవి దాటగానే ఒకే మాట వినిపిస్తుంది. ఇంటర్ పాసయిన ఆడపిల్లను వెంటబెట్టుకుని తల్లో తండ్రో వస్తారు. వెలిగండ్ల నుంచి, సి.ఎస్.పురం నుంచి, పి.సి.పల్లి అవతలి ఊళ్ళ నుంచి. మార్కుల కాగితం చూపిస్తారు. డిగ్రీలో పాలిటిక్స్ తీసుకుంటే ఏమన్నా పనికొస్తుందా అంటారు. గ్రూప్స్‌కి పనికొస్తుందని చెప్తాను, తర్వాత ఎం.ఏ. కూడా చెయ్యొచ్చంటాను. అంతా విని, లేవబోతూ అసలు సంగతి అడుగుతారు. "అదంతా సరేగాని మేడమ్, పిల్ల ఉండేదెక్కడ?"

ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్ళ సందర్భంగా, రాజనీతి శాస్త్రంలోకి ఆడవాళ్ళు ఎలా వచ్చారో రాయాలని కూర్చుంటే ముందు ఆ ప్రశ్నే మనసులో మెదిలింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు ఆ విశ్వవిద్యాలయం ఉన్న వాల్తేరులో ఎదురైందీ అదే మరి.

1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమెకు ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్ళి వద్దనుకుంది. 1921లో గాంధీ కాకినాడ వస్తున్నాడని తెలిసి, దేవదాసీలూ ఘోషా పాటించే ముస్లిం స్త్రీలూ ఆయన్ను కలవాలని పట్టుబట్టింది. ఐదు వేల రూపాయలు పోగుచేస్తే కాసేపు సమయం ఇస్తామన్నారు పెద్దలు. పోగుచేసింది. అప్పటికి ఆమెకు పన్నెండో ఏడు. ‘ప్రాతినిధ్యం’ పాఠాన్ని నేను ఈ కథతోనే మొదలుపెడతాను. నిర్వచనం తర్వాత రాయిస్తాను.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళినప్పుడు అక్షరం రాని ఆడ ఖైదీల గతి చూసి, బయటికొచ్చాక చదువుకోవాలనుకుంది. కాశీ విశ్వవిద్యాలయం ద్వారా మెట్రిక్యులేషన్ పూర్తిచేసింది. బి.ఏ.లో రాజనీతి శాస్త్రం కావాలంటే, అది ఆడవాళ్ళకు చెప్పే చదువు కాదన్నారు అక్కడ. అప్పుడు వాల్తేరు వైపు చూసింది.

అక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అప్పుడు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. పాతకాలపు ఆలోచనల మనిషి కాదు. ఆడపిల్లలకు హాస్టలు లేదు, చేర్చుకుంటే ఎక్కడ ఉంచాలన్నది ఆయన ఇబ్బంది. దుర్గాబాయి వాదనకు దిగలేదు. హాస్టలు లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు రాయండని పత్రికలో ప్రకటన ఇచ్చింది. పదిమంది దాకా ముందుకొచ్చారు. అంతా కలిసి సొంతంగా ఒక హాస్టలు నడుపుకున్నారు. సీటు వచ్చింది. ఆమె రాజనీతిలో ఆనర్సు చేసింది, తర్వాత మద్రాసులో లా చదివింది, 1946లో రాజ్యాంగ సభకు వెళ్ళింది.

ఆ సభలో ఆడవాళ్ళు మొత్తం 15 మంది. దళిత స్త్రీ ఒక్క దాక్షాయణీ వేలాయుధన్, ముస్లిం స్త్రీ ఒక్క బేగం ఐజాజ్ రసూల్. ఆ లెక్క బోర్డు మీద వేసినప్పుడు వెనక బెంచీలు కూడా నిశ్శబ్దమైపోతాయి.

ఆ విశ్వవిద్యాలయంతో మా ప్రాంతానికీ ఒక బంధం ఉంది. కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లా. మాకు ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో. ఆ పాత నెల్లూరు జిల్లాలోనే 1889లో మామిడిపూడి వెంకటరంగయ్య పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర, రాజకీయాలు బోధించి పేరుపొందిన పండితుడు. ఆయన మనవరాలు శాంతా సిన్హా హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం ఆచార్యురాలిగా పనిచేశారు. తాత పేరిట 1981లో మొదలైన ఎం.వి. ఫౌండేషన్ ద్వారా, రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చారు. తేవడానికి పట్టుకున్న దారి ఏమిటి? పిల్లలు రాత్రిపూట కూడా ఉండి చదువుకునే శిబిరాలు. 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. వాల్తేరులో పదిమంది అమ్మాయిలు తమకు తాముగా చేసుకున్న ఏర్పాటునే ఆమె కూలి పిల్లలకు అందించారని నాకనిపిస్తుంది.

అయితే చోటు కావలసింది మనిషికి మాత్రమేనా? పుస్తకంలో కూడా కావాలి. 1985 జూలైలో అప్పటి మా ప్రకాశం జిల్లా కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర పశువుల కుడితి నీళ్ళ విషయంలో గొడవ మొదలైంది. మున్నంగి సువార్త అనే దళిత స్త్రీ బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు మాదిగపల్లె మీద దాడి జరిగింది, ఆరుగురు ప్రాణాలు పోయాయి. ఆ దుఃఖంలోంచే దళిత మహాసభ పుట్టింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనక కారంచేడు కూడా ఉంది. హక్కుల పాఠానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మాకు ఇంకెక్కడ దొరుకుతుంది? గొర్రెల కాపరుల ఇంట పుట్టి ఉస్మానియాలో రాజనీతి చెప్పిన కంచ ఐలయ్య, అదే విశ్వవిద్యాలయంలో రాజనీతి బోధిస్తూ ‘అన్వేషి’ స్త్రీల అధ్యయన కేంద్రానికి పునాది వేసినవారిలో ఒకరైన రమా మెల్కోటే, ఇలాంటివారు వచ్చాకే మా సబ్జెక్టులోకి పొలమూ వంటిల్లూ వచ్చాయి.

మా క్లాసులో ఒక పిల్ల ఉండేది. వాళ్ళమ్మ సర్పంచి. 73వ సవరణ మూడోవంతు సీట్లు ఇచ్చిందని, మన రాష్ట్రంలో 2011లో సగం చేశారని చెప్తుంటే చెయ్యెత్తింది. "మేడమ్, సర్పంచి అమ్మే. స్టాంపు మాత్రం నాన్న జేబులో ఉంటది." ఎవరూ నవ్వలేదు. ఆ వేళ సిలబస్ పక్కన పెట్టి గంటంతా ఆ స్టాంపు గురించే మాట్లాడుకున్నాం. ఇంట్లో నీళ్ళు పట్టే పని ముగించుకుని రోజూ మొదటి పీరియడ్‌కి ఆలస్యంగా వచ్చే ముస్లిం అమ్మాయి ఒకతి, అంతవరకు క్లాసులో నోరు విప్పనిది, అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసింది. తీర్మానం మీద సంతకం ఎవరిది, గ్రామసభలో కుర్చీలో ఎవరు కూర్చుంటారు, అడిగితే ఎవరిని అడగాలి.

నిరుడు ఆ సర్పంచి గారి అమ్మాయి విశాఖలో ఎం.ఏ. పాలిటిక్స్ చేస్తానంది. తండ్రి వచ్చాడు. కూర్చున్నాడు, మంచినీళ్ళు తాగాడు, అడిగాడు.

"పిల్ల ఉండేదెక్కడ మేడమ్?"

నేను నోరు తెరిచేలోగానే ఆ పిల్ల నోట్‌బుక్కు వెనక అట్ట తిప్పి ఆయన ముందు పెట్టింది. హాస్టలు ఫీజు, మెస్ బిల్లు, కనిగిరి నుంచి ఒంగోలుకు తెల్లవారుజామున బస్సు, అక్కణ్ణుంచి విశాఖ రైళ్ళ టైములు. అన్నీ వరుసగా రాసుకుంది. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి, ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు.