వాన కూల్చే అగ్నిపర్వతాలు

1998 అక్టోబరు 30న నికరాగ్వాలోని కసీత అగ్నిపర్వతం మీద నిప్పూ లేదు, పొగా లేదు. ఉన్నదల్లా వాన. మిచ్ హరికేన్ రోజుల తరబడి కురిపించిన నీటికి శిఖరం దగ్గర చరియ విరిగింది. ఆ మోత విని హెలికాప్టర్లు వస్తున్నాయనుకున్నామని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. ఎల్ పోర్వెనిర్, రొలాందో రోద్రిగెస్ అనే రెండు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. 2,000 మందికి పైగా చనిపోయారు.

పేలకపోయినా ఇలాంటి కొండ కుదురైనది కాదు. గట్టి లావా పొరల మధ్య వదులు బూడిద ఉంటుంది. లోపలి వేడి ఆవిర్లకు రాయి మెత్తబడి బంకమట్టి అవుతుంది. వాన నీరు చేరితే ఆ ముద్ద జారి, దారిలోని తడి మట్టినీ బండలనూ కలుపుకుని పెరుగుతుంది. ఈ బురద ఉధృతికి ప్రపంచం వాడే పేరు ‘లహార్’. అది జావా ద్వీపపు మాట.

దీని దారిని పటంలో చూపడం పాత మట్టిని చదవడంతో మొదలైంది. అమెరికాలో మౌంట్ రెయినియర్ అగ్నిపర్వతం దిగువన హిమానీనదం వదిలిన మట్టి అనుకున్న ఒక పొర నిజానికి బురద ప్రవాహమేనని 1950లలో భూవిజ్ఞాని డ్వైట్ క్రాండెల్ తేల్చాడు. పాత బురద ఎంత దూరం వెళ్లిందో తెలిస్తే కొత్తది ఎక్కడికి రాగలదో ఊహించవచ్చు. కొలంబియాలో ఆర్మెరో అయితే 1845 నాటి బురద మీదే కట్టిన ఊరు. 1985 నవంబరులో పైనున్న అగ్నిపర్వతం విస్ఫోటనానికి మంచు కరిగి లహార్ వచ్చింది. నెల ముందే వెలువడిన పటంలో ఆ ఊరు ప్రమాద ప్రాంతంలోనే ఉంది. అయినా సుమారు 23,000 మంది పోయారు.

చేతి అంచనాను లెక్కగా మార్చింది ఐవర్సన్, షిల్లింగ్, వాలెన్స్ అనే శాస్త్రవేత్తలు. తొమ్మిది అగ్నిపర్వతాల దగ్గర 27 లహార్లను కొలిచి 1998లో ఒక సూత్రం ఇచ్చారు. పది లక్షల ఘనపు మీటర్ల బురద సుమారు 2 చదరపు కిలోమీటర్లు కప్పుతుంది. ఘనపరిమాణం ఎనిమిది రెట్లయితే విస్తీర్ణం నాలుగు రెట్లు. కంప్యూటరు వాగు వెంట దిగుతూ ఒక్కోచోట ఎంత ఎత్తు నిండుతుందో చూసి అంచు గీస్తుంది. చాలా మొరటు లెక్క. నాకు నచ్చేది ఆ మొరటుతనమే, ఎందుకంటే కొండ గురించి పెద్దగా తెలియనిచోట కూడా పనికొస్తుంది. కానీ బురద దారిలో ఎంత పెరుగుతుందో అది చెప్పదు. కసీతలో దెబ్బ ఆ పెరుగుదలతోనే పడింది. ఎప్పుడు వస్తుందో కూడా చెప్పదు. అందుకు ఎంత వాన ఎంతసేపు కురిస్తే నేల జారుతుందో కొలవాలి. ఆ లెక్కకు 1980లో శాస్త్రవేత్త నెల్ కేన్ బాట వేశాడు.

ఎల్ సాల్వడోర్‌లోని శాన్ విసెంటె అగ్నిపర్వతానికి ఐవర్సన్ బృందపు పద్ధతిలో 2001లో పటం తయారైంది. 2009 నవంబరులో ఒక రాత్రి కుండపోతకు ఆ కొండ మీది వాగులు బండరాళ్లతో సహా వెరపాస్ ఊళ్లోకి దిగాయి. కొండ పేలలేదు. పటానికి అప్పటికి ఎనిమిదేళ్లు.