మాంధాత ఫలకం: ఒంటి మీద పంచె, తల మీద పాగా

ఏదైనా వస్తువు బాగా పాతదైతే తెలుగువాళ్లు ‘మాంధాతల కాలం నాటిది’ అంటారు. ఆ మాంధాత రాతిలో నిలబడ్డ చోటు జగ్గయ్యపేట. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, నందిగామ దాటి హైదరాబాద్ దారిలో వచ్చే ఊరు ఇది (2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా). ఇక్కడి బౌద్ధ స్తూపానికి ఒకప్పుడు అతికించి ఉన్న సున్నపురాతి పలకనే మాంధాత ఫలకం అంటారు. చక్రవర్తి ఫలకం అన్న పేరూ ఉంది. సుమారు క్రీ.పూ. 1వ శతాబ్దపు పని. ఇప్పుడది చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

బౌద్ధ కథలో మాంధాత చేతులు చరిస్తే ఆకాశం నుంచి సంపద కురుస్తుంది. భూమి చాలక దేవలోకానికి పోతాడు, ఇంద్రుడి అర్ధాసనమూ చాలక, మొత్తం కావాలనుకుని కింద పడతాడు. శిల్పి ఆ పతనం జోలికి పోలేదు. రాజు నిటారుగా నిలబడ్డాడు, కుడిచెయ్యి పైకెత్తాడు, ఎడమ పిడికిలి గుండెల మీద ఆనించాడు. పైన మబ్బులోంచి నాణేలు రాలుతున్నాయి. అవి గుండ్రంగా లేవు, పలకలుగా ఉన్నాయి. ఆ కాలంలో చెలామణీలో ఉన్న విద్ధాంక (ముద్రలు కొట్టిన) నాణేలు చాలావరకు అలా నలుపలకలవే. చేతిలో ఆడే డబ్బునే శిల్పి ఆకాశం నుంచి కురిపించాడన్నమాట. తల మీద గొడుగు, చుట్టూ చక్రవర్తికి ఉండవలసిన సప్తరత్నాలు: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, స్త్రీరత్నం, కోశాధికారి, మంత్రి.

ఇక బట్టలు. లోకాన్ని ఏలే మనిషి ఒంటి మీద సూది తగిలిన గుడ్డ లేదు. నడుముకు పంచె, దాని మీద బిగించిన నడికట్టు, కాళ్ల మధ్య వేలాడుతున్న కొసలు, తలకు చుట్టిన పాగా, అంతే. చెవుల బరువైన కమ్మలు, మెడలో హారం, చేతుల నిండా కడియాలు తీసేస్తే మిగిలేది రైతు వేషం. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లోనూ రాజుకీ సేవకుడికీ కట్టు ఒకటే, నగలే తేడా. మన వాతావరణంలో నూలుబట్ట రెండు వేల ఏళ్లు నిలవదు. అందుకే ఆంధ్రదేశపు తొలి పంచెను గుడ్డలో కాక రాయిలోనే వెతకాలి.

స్తూపం ఊరి పక్క గుట్ట మీద ఉండేది. జనం దాన్ని ధనంబోడు అన్నారు. డబ్బు వాన కురుస్తున్న రాయి దొరికిన గుట్టకు ఆ పేరు యాదృచ్ఛికమో కాదో గానీ భలే కుదిరింది. 1882లో జేమ్స్ బర్జెస్ ఇక్కడ తవ్వించి, అమరావతితో కలిపి 1887లో గ్రంథం అచ్చువేశాడు. అడ్డుకొలత సుమారు 30 అడుగులే కాబట్టి అమరావతి ముందు చిన్న స్తూపమే. కానీ ఇక్కడి చెక్కడం ఆంధ్ర శిల్పానికి తొలి అడుగుల్లో ఒకటి.

ఊరి పేరులోనూ ఓ చిక్కు ఉంది. పాత పేరు బేతవోలు. చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరు మీద దీన్ని జగ్గయ్యపేట చేశాడు. అమరావతిలో కొత్త రాజధాని కట్టుకున్నదీ ఆయనే. ఆ కట్టడాలకు ఇటుకా రాయీ తవ్వుతుంటేనే అక్కడి స్తూపం బయటపడింది, 1797లో కోలిన్ మెకంజీ వచ్చి చూశాడు. తర్వాత అమరావతి రాళ్లు కొన్ని సున్నపు బట్టీలకు పోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవాటిలో చాలావాటిని 1859లో ఓడెక్కించారు. అవే నేటి బ్రిటిష్ మ్యూజియం అమరావతి శిల్పాలు. జగ్గయ్యపేట రాళ్లు అంత దూరం పోలేదు, మద్రాసు దగ్గరే ఆగాయి.

ఆగిన చోటే అసలు సమస్య. పోయిన శిల్పాలను వెనక్కి తేవడం అంటే మనకు విదేశాలే గుర్తొస్తాయి. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న చందవరం కథ అలాంటిది. అక్కడి 3వ శతాబ్దపు ‘బుద్ధుని ఆరాధకులు’ శిల్పం దొంగతనంగా దేశం దాటింది. ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో న్యూయార్క్ వ్యాపారి నాన్సీ వీనర్ దుకాణం నుంచి దాన్ని కొన్నది. అది భారత్‌లో ఉండగా తీసిన ఫొటో బయటపడ్డాక దాచడానికి ఏమీ మిగల్లేదు. 2016 సెప్టెంబరులో కాన్‌బెర్రాలో భారత ప్రభుత్వానికి అప్పగించారు. జగ్గయ్యపేట రాయి విషయంలో దొంగా లేడు, సరిహద్దూ లేదు. అప్పట్లో మద్రాసు ఈ ఊరికీ రాజధానే. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడివడింది, మ్యూజియం మాత్రం అక్కడే ఉండిపోయింది. దొంగ సొత్తును రప్పించడానికి చట్టాలున్నాయి, సొంత దేశంలోనే పొరుగు రాష్ట్రానికి మిగిలిన రాయికి ఆ దారి లేదు.

వస్తువు తిరిగి రాకముందే దగ్గరితనం తిరిగి రావచ్చని చూపినవాళ్లు కెనడా పశ్చిమతీర ద్వీపాల హైడా ప్రజలు. మ్యూజియాల అరల్లో ఉన్న 460 మందికి పైగా పూర్వీకుల ఎముకలను వెనక్కి తెచ్చుకున్నారు. 2003లో ఒక్క షికాగో ఫీల్డ్ మ్యూజియం నుంచే 160 మంది వచ్చారు. వాళ్లను చుట్టడానికి బడిపిల్లలు బొత్తాల దుప్పట్లు కుట్టారు. 2009లో హైడా బృందం ఆక్స్‌ఫర్డ్ పిట్ రివర్స్ మ్యూజియానికీ, బ్రిటిష్ మ్యూజియానికీ వెళ్లి తమవాళ్ల వస్తువులను చేతుల్లోకి తీసుకుని చూసింది. మరుసటి ఏడు ఆక్స్‌ఫర్డ్ నుంచి ఒక పూర్వీకుడి అవశేషాలు ఇంటికొచ్చాయి.

మన బట్టకూ మ్యూజియం గతి పట్టింది, వేరే రకంగా. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ లండన్‌లో ఉన్న భారతీయ వస్త్రాలను కత్తిరించి, 700 నమూనాలను 18 సంపుటాల్లో అతికించాడు. పాగాలు, పంచెలు, చీరలు అన్నీ ముక్కలే. అలాంటి సెట్లు 20 తయారైతే 13 బ్రిటన్‌కూ, 7 ఇండియాకూ పంచారు. భారతీయులు ఏం కట్టుకుంటారో బ్రిటిష్ మిల్లులకు తెలియాలన్నది ఉద్దేశం. మాంధాత కట్టులాగే మగ్గం దించిన బట్టను కుట్టకుండా చుట్టుకునే పద్ధతిని వాట్సన్ ప్రత్యేకంగా వివరించాడు.

జగ్గయ్యపేట రాళ్లకు చందవరంలా ఫొటో సాక్ష్యం అక్కర్లేదు. మాంధాతను చెక్కిన మూడు నాలుగు వందల ఏళ్లకు, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో, నాగచంద్రుడనే శిల్పి కొడుకు సిద్ధార్థుడు అదే స్తూపానికి అయిదు ఆయక స్తంభాలు దానమిచ్చి శాసనం చెక్కించాడు. తల్లి, భార్య, పిల్లలు, తోబుట్టువుల పేర్లు రాయించాడు. సొంతూరి పేరూ, తాను కాపురముండే ఊరి పేరూ రాయించాడు. చివరికి ఆ స్తంభాలు ఎక్కడ నిలిపాడో కూడా చెప్పాడు: వెలగిరిలో, మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర.