మోట గిరకయు మోటారు ఇంజనును

బండి నెత్తు యంత్రము లేకయే ఇంటి ముంగిట మోటారు ఇంజనును ఊడదీయుట మా మెదకు పట్టణమున వింత గాదు. ఇది నిన్న మొన్నటి ఉపాయమనుకొనువారు గలరు. నే నట్లు తలంపను. దీని వేరులు మన మోట బావుల గట్లపై నున్నవి.

మోట తోలినవారికి గిరక సంగతి చెప్పబనిలేదు. అయినను ఒక మాట. కదలక నిలిచిన గిరక బరువును తగ్గింపదు. లాగు దిక్కును మాత్రము మార్చును. అందుచేతనే పెద్దలు ఎడ్లను ఏటవాలు బాటలో దిగువకు నడిపించి, వాని మేనిబరువును గూడ మోకునకు తోడు చేసిరి. బరువు నిజముగా తేలిక కావలెనన్న గిరకయు బరువుతోబాటు పైకి పోవలెను. అట్టి గిరక యొకటి చేరిన లాగవలసిన బలము సగమగును. మోకు మాత్రము రెండింతలు లాగవలసివచ్చును. క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దిలో గ్రీకు పండితుడు ఆర్కిమెడీసు ఇట్టి గిరకలు కూర్చి నిండు ఓడను ఒంటిచేత లాగెనని ప్లూటార్కు వ్రాసినాడు. అంత దూరమేల? మా దుర్గముపై 17వ శతాబ్ది నాటి ఫిరంగి యున్నది. పొడవు 10 అడుగులకు మించును. ఆ దినములలో ఆవిరి యంత్రము లేదు, చమురు యంత్రము లేదు.

19వ శతాబ్ది మధ్యమున ఇంగ్లండులో వెస్టను అనునతడు గొలుసు గిరకను కల్పించెను. ఒకే ఇరుసుపై 10 అంగుళముల చక్రమొకటి, 9 అంగుళముల చక్రమొకటి బిగించి, అంతులేని గొలుసును వానిమీదుగా త్రిప్పినచో, లెక్క ప్రకారము 20వ వంతు బలముతోనే బరువు లేచును. రాపిడివలన ఇందు సగమునకు పైగా నష్టమగును. కాని ఆ రాపిడియే మేలు చేయును: చేయి విడిచినను బరువు జారదు. మోటకు లేని గుణ మిదియే.

నిజాము రైల్వేవారు 1932 జూనులో 27 బస్సులతో మన రాజ్యమున రోడ్డు రవాణా ప్రారంభించిరి. అంతకు కొన్నేండ్ల ముందే, 1925 ప్రాంతమున, అమెరికాలో లునాటి అనునతడు బండిని నిలువున పైకెత్తు యంత్రము నిర్మించియుండెను. అది పెద్ద కర్ఖానాల సొత్తు. చిన్న ఊళ్ల మేస్త్రీకి మూడు గుంజలును ఒక గొలుసును చాలినవి.

అంబాసిడరు బండి ఇంజనును ఒక ముంగిట ఎత్తుట నేను కన్నులార జూచితిని. 1958 మొదలు 2014 వరకు తయారైన ఈ బండిలో ఇంజను ముందువైపున నిడివిగా కూర్చుండును. మేస్త్రీ మొదట బ్యాటరీ తీగ విప్పెను. నీరు వదలి, మూతను, రేడియేటరును తొలగించెను. గేరు పెట్టె క్రింద కొయ్యదిమ్మ నుంచెను. లేకున్న ఇంజను విడిపోగానే అది క్రుంగును. పిదప మరలు విప్పి, ఇంజనును జానెడు లేపి, మెల్లగా ముందునకు జరిపి, గేరు ఇరుసునుండి తప్పించెను. మరికొంత పైకి లేచినంతట ఇంజనును కదల్చలేదు. ఇద్దరు బాలురు బండినే వెనుకకు నెట్టిరి! కదలలేని ముక్కాలికి ఇంతకన్న తగిన యుక్తి నే నెరుగను.

1983లో మారుతి బండ్లు వచ్చిన పిదప అడ్డముగా కూర్చుండు ఇంజనులు మన వీధులలో విస్తరించినవి. ఇట్టి బండ్లలో కొన్నింటి ఇంజనును క్రిందినుండియే దింపవలెను. వానికి ముక్కాలి పనికిరాదు.

ముక్కాలి పాదములు బరువుకు వెలుపలికి జారును. కావున వానిని గొలుసుతో ఒకదాని కొకటి బంధింపవలెను, లేదా గుంటలలో నిలుపవలెను. బరువు వ్రేలాడునపుడు దాని క్రింద చేయియైన నుంచరాదు. చింతకొమ్మకు నారమోకు కట్టగా కొమ్మ చీలి, ఇంజను బండిపైననే పడిన చోటు నే నెరుగుదును. మనుష్యులు దూరమున నుండిరి గనుక బ్రదికిరి. మీ ఇంటి కుఱ్ఱవాడు గొలుసు చేతబట్టి వసారా దూలము వంక జూచినచో వెంటనే అడ్డగింపుడు. ఆ దూలమును మీ తండ్రులు పెంకుల బరువునకే లెక్కగట్టి వేయించిరి.