శవాసనంలో షికాగో

చివరి పది నిమిషాల కోసమే యోగా క్లాసుకు వచ్చేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఆసనాలన్నీ అయ్యాక లైట్లు ఆర్పేసి, చాప మీద వెల్లకిలా పడుకోమంటారు. "కుడికాలి బొటనవేలు... వదిలెయ్యండి. పాదం... మడమ... పిక్క..." అంటూ మాస్టారు గొంతు తగ్గించి మోకాళ్ళు, నడుము, భుజాలు, దవడల మీదుగా నుదుటి దాకా వస్తారు. అప్పటికి ఏదో ఒక మూల గురక మొదలైపోతుంది. ఇదంతా రుషుల కాలం నుంచీ ఇలాగే వస్తోందని మన నమ్మకం. పడుకోవడం పాతదే. ఒక్కో కండరాన్నీ వరసపెట్టి వదిలించే పద్ధతి మాత్రం నిండా వందేళ్ళ నాటిది. దాన్ని తీర్చిదిద్దినాయన షికాగో డాక్టరు.

15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో స్వాత్మారాముడు శవాసనానికి కేటాయించింది ఒక్కటంటే ఒక్క శ్లోకం. శవంలా నేల మీద పడుకుంటే అలసట తీరుతుంది, మనసుకు విశ్రాంతి దొరుకుతుంది. అంతే, బొటనవేలూ లేదు, దవడా లేదు. యోగ యాజ్ఞవల్క్యం అనే గ్రంథంలో కాలివేళ్ళ నుంచి తల దాకా 18 మర్మస్థానాల ప్రస్తావన ఉంది కానీ, అది ఒక్కో చోట ప్రాణాన్ని నిలిపే ప్రత్యాహార సాధన. కండరాల బిగువు సంగతి అందులో లేదు. ఆ సాధకులకు ఈఎంఐల బెంగా, టార్గెట్ల గోలా లేవు మరి.

ఆ గోల ముందుగా ముదిరింది అమెరికాలో. 1869లో జార్జ్ బియర్డ్ అనే న్యూయార్క్ డాక్టరు, నరాలు అలిసిపోయే జబ్బొకటి దేశాన్ని పట్టుకుందని ప్రకటించాడు. 1881లో దాని మీద పుస్తకమే రాసి ఆవిరి యంత్రాలు, టెలిగ్రాఫు, పత్రికలు వగైరాలను కారణాలుగా చూపించాడు. ఆడవాళ్ళు బుర్ర ఉపయోగించడాన్ని కూడా ఆ జాబితాలో చేర్చాడు మహానుభావుడు! దానికి మందు లాంటి పుస్తకాన్ని 1891లో రాసింది ఒక ఆడమనిషే. ఆమె మసాచుసెట్స్‌లో పాఠాలు చెప్పే ఆనీ పేసన్ కాల్. మంచం మీద పడుకుని కూడా ఒళ్ళు బిగబట్టుకునే ఉంటామనీ, బరువంతా పరుపు మీద వదలడం నేర్చుకోవాలనీ ఆమె బోధ. హార్వర్డ్ తత్వవేత్త విలియం జేమ్స్ 1899లో అచ్చయిన తన వ్యాసంలో ఆ పుస్తకాన్ని చదవమని సిఫారసు చేశాడు.

చదవమన్నంత మాత్రాన అది శాస్త్రం అయిపోదు కదా. ఆ పని ఎడ్మండ్ జాకబ్సన్ భుజాన వేసుకున్నాడు. 1888లో షికాగోలో పుట్టిన ఈయన 1908లో హార్వర్డ్‌లో పరిశోధకుడు. ఉన్నట్టుండి పెద్ద చప్పుడు చేస్తే మనుషులు ఎంత ఉలిక్కిపడతారో పరీక్షిస్తుంటే, ఒళ్ళు పూర్తిగా వదిలేసి ఉన్నవాళ్ళు దాదాపు ఉలిక్కిపడటం లేదని తేలింది. ఆ ఒక్క సంగతి పట్టుకుని బతుకంతా గడిపాడు. ఒళ్ళు వదులైన కొద్దీ, మోకాలి కింద సుత్తితో కొడితే కాలు ఎగరడం కూడా తగ్గుతోందని చూపించాడు. కండరంలో బిగువును కొలవాలంటే వోల్టులో పదిలక్షో వంతు కరెంటును పసిగట్టాలి. అంత సున్నితమైన యంత్రం అప్పట్లో లేదు. బెల్ టెలిఫోన్ ప్రయోగశాల వాళ్ళ సాయంతో దాన్నీ సాధించాడు. చెయ్యి కదపకుండా, కదుపుతున్నట్టు ఊహించుకోమంటే చాలు, ఆ చేతి కండరంలోనే కరెంటు పుట్టడం అందులో కనిపించింది. అంటే బెంగ తలలో మాత్రమే కూర్చోదు, ఒంట్లోకీ దిగుతుంది.

ఆయన పాఠం చెప్పే తీరు చూస్తే ఇప్పటి ఓపిక గల మాస్టార్లు కూడా దండం పెట్టేస్తారు. రోజుకో గంట. మొదటి రోజంతా ఎడమ చెయ్యే. మణికట్టును వెనక్కి వంచాలి, ముంజేతి పైభాగంలో సన్నగా తెలిసే బిగువును కనిపెట్టాలి, ఆపైన వదిలెయ్యాలి. బిగువు ఎక్కడుందో డాక్టరు చెప్పడు, రోగే వెతుక్కోవాలి. "మీకు హాయిగా ఉంది, నిద్ర వస్తోంది" లాంటి మాటలు ఆయనకు గిట్టవు. అది హిప్నాటిజం బాపతు అని ఆయన అభిప్రాయం. అలా నెలల తరబడి ఒళ్ళంతా పూర్తిచేయించేవాడు. 1929లో డాక్టర్ల కోసం, 1934లో మామూలు జనం కోసం ఈ పద్ధతి మీద పుస్తకాలు తెచ్చాడు.

నెలలంటే ఎవరికి తీరిక? దక్షిణాఫ్రికా మనోవైద్యుడు జోసెఫ్ వోల్పే 1958 నాటికి దాన్ని ఏడెనిమిది పాఠాల లోపుకు కుదించాడు. 1973లో బెర్న్‌స్టీన్, బోర్కోవెక్ రాసిన కరదీపికలో 16 కండరాల గుంపులు, ఐదు నుంచి ఏడు సెకన్లు బిగించడం, అర నిమిషానికి పైగా వదిలి ఉంచడం స్థిరపడ్డాయి. ఇవాళ సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే నేర్పేది ఇంచుమించు ఇదే. ఈలోపు బెర్లిన్ డాక్టరు యోహానెస్ షుల్ట్స్ 1932లో ఇంకో దారి వేశాడు: చెయ్యి బరువెక్కుతోంది, వెచ్చబడుతోంది అని లోలోపల అనుకోవడం.

ఇక ఇవన్నీ మన చాప మీదకు ఎలా చేరాయన్నది అసలు ముచ్చట. 1969లో ముంబైలో డాక్టర్ దాతే బృందం 47 మంది రక్తపోటు రోగుల చేత శవాసనం వేయించి, ఫలితాలను విదేశీ వైద్య పత్రికలో ప్రచురించింది. 1973లో ఇంగ్లండులో చంద్రా పటేల్ అనే డాక్టరమ్మ 20 మందికి శవాసనాన్నీ, చర్మం మీద మార్పులను కొలిచి వినిపించే యంత్రాన్నీ కలిపి నేర్పి లాన్సెట్ వైద్య పత్రికలో రాసింది. (బిళ్ళలు మానేసి చాప పరవమని ఎవరూ అనలేదు, గమనించగలరు.) 1976లో ముంగేర్‌లోని బిహార్ యోగ విద్యాలయం స్వామి సత్యానంద సరస్వతి, పడుకుని ఒంటి భాగాల మీదుగా మనసును నడిపే యోగనిద్ర మీద పుస్తకం తెచ్చారు. దీని మూలం తాంత్రిక న్యాసమని ఆయన చెప్పారు. సహస్రనామాల ముందు అంగన్యాస కరన్యాసాలు చేసేవాళ్ళకు ఇది ఇట్టే అందుతుంది. కరన్యాసం బొటనవేలితోనే మొదలవుతుంది, యోగనిద్రా కుడిచేతి బొటనవేలితోనే. సంకల్పం చెప్పుకోవడమూ రెండింట్లో ఉంది. కానీ ఆ తర్వాత వచ్చే బరువు, తేలిక, వేడి, చలి అనే మెట్లు చూస్తే షుల్ట్స్ గుర్తుకురాక మానడు. ఆధునిక యోగా విశ్రాంతిలో పాశ్చాత్యుల పాలు చాలానే ఉందని మార్క్ సింగిల్టన్ అనే పరిశోధకుడు 2005లో ఓ వ్యాసమే రాశాడు. నాకైతే ఇందులో చిన్నతనమేమీ కనిపించదు. పూజగది, ప్రయోగశాల కలిసి ఓ పనికొచ్చే వస్తువును తయారుచేశాయి.

పోయిందల్లా ఒకటే. ఇప్పుడు ఫోన్లో ఓ మెత్తటి గొంతు అన్నీ చెబుతుంది, మనం నిద్రపోతాం. నిద్ర మంచిదే. జాకబ్సన్ అడిగింది మాత్రం అది కాదు, మన బిగువును మనమే పట్టుకోవడం. ఆయన పాఠంలో రెండో భాగం ఏ రికార్డింగులోనూ దాదాపు వినిపించదు. అది పడుకుని చేసేదీ కాదు. పనిలో ఉండగా ఆ పనికి అక్కర్లేని కండరాలను వదిలి ఉంచడం. కంప్యూటరు ముందు టైపు చేయడానికి వేళ్ళు చాలు, భుజాలు చెవుల దాకా లేవనక్కర్లేదు. బండి నడిపేటప్పుడు హ్యాండిల్ పట్టుకోవాలి గానీ పళ్ళు కొరకనవసరం లేదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికాక కూడా ఒళ్ళో సంచిని పిడికిలి బిగించి పట్టుకునేవాళ్ళకు ఆయన ముందుగా చెప్పే పాఠం ఆ పిడికిలి గురించే అయ్యుండేది.