ఇమ్దాద్ హిసాబ్

ఉర్దూలో ఇమ్దాద్ అంటే సాయం. ఉర్దూ మీడియంలో చదువుకున్న నాకు ఆ మాట వింటే జకాత్, ఖైరాత్ గుర్తొస్తాయి. ఒక ముల్క్ ఇంకో ముల్క్‌లోని జంగ్‌కి హథియార్లు పంపినా దాన్నీ ఇమ్దాదే అంటారు. అఫ్ఘానిస్తాన్‌నే చూడండి.

1979 డిసెంబర్‌లో సోవియట్ ఫౌజు దిగింది. ముజాహిదీన్లది గెరిల్లా జంగ్. సలాంగ్ రోడ్డు మీద కాన్వాయ్‌ల కోసం మాటు వేసి, దెబ్బకొట్టి కొండలెక్కేవాళ్లు. వాళ్లకు పెద్ద ఖత్రా హెలికాప్టర్లు. పాకిస్తాన్ ఐఎస్ఐ చేతుల మీదుగా అమెరికా స్టింగర్ మిసైళ్లు అందాయి. 1986 సెప్టెంబర్‌లో జలాలాబాద్ దగ్గర వాటిని భుజం మీంచి పేల్చి మూడు హెలికాప్టర్లను కూల్చారు. ఆ తర్వాత పైలట్లు ఇంకా ఎత్తున ఎగరసాగారు, బాంబుల గురి తగ్గింది. అయితే సోవియట్లను స్టింగరే తరిమిందనడం సగం మాటే. బయటపడే దారి కోసం గోర్బచేవ్ అంతకుముందే వెతుకుతున్నాడు.

1989 ఫిబ్రవరి 15న ఫౌజు ఆము దరియా దాటి వెళ్లిపోయింది. హథియార్లు ఉండిపోయాయి. 1992లో నజీబుల్లా హుకూమత్ కూలాక, ఆ ముజాహిదీన్ గుంపులే ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటూ కాబూల్ మీద రాకెట్లు కురిపించాయి. వేలమంది మామూలు అవామ్ చనిపోయారు.

మిగిలిన స్టింగర్లు తన విమానాల మీదికే వస్తాయన్న భయంతో అమెరికా వాటిని డబ్బిచ్చి తిరిగి కొనడం మొదలుపెట్టింది. కాబూల్ మీద పడే రాకెట్లకు అలాంటి ఖరీదార్ రాలేదు. ఎక్కడ జంగీ ఇమ్దాద్ మాట విన్నా నేను ముందు ఈ హిసాబే చూస్తాను.