స్వాప్ స్థలం

వర్చువల్ మెమొరీ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతి ప్రోగ్రామ్‌కూ విడిగా చిరునామాలు ఇచ్చి, ఆ చిరునామాను ప్రోగ్రామ్ తాకినప్పుడే దానికి ర్యామ్‌లో చోటు చూపే ఏర్పాటు. పంపకం విషయంలో ఇది ఒమాన్‌లోని నిజ్వా ఊరి ఫలజ్ దారిస్ కాలువకు సరిగ్గా ఎదురుగా నిలుస్తుంది. 2006లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఐదు ఫలజ్‌లలో ఇదొకటి. ఫలజ్‌లలో వంతును గడియలతో కొలుస్తారు, నీటి పరిమాణంతో కాదు. పగలు నీడను, రాత్రి చుక్కలను చూసి లెక్కగట్టేవారు. కరవొస్తే అందరి వంతులోనూ నీరు తగ్గుతుంది, లేని నీటిని ఎవరికీ రాసివ్వరు. లినక్స్ మాత్రం ఉన్నదానికంటే ఎక్కువే రాసిస్తుంది, అందరూ ఒక్కసారే అడగరన్న ధీమాతో. విండోస్ కొంత జాగ్రత్తగా ఉంటుంది: ర్యామ్, డిస్క్‌లోని పేజీ ఫైలు కలిపినంత మేరకే మాటిస్తుంది.

ఆ మాట నిలబెట్టుకోవడానికే స్వాప్, అంటే ర్యామ్‌లోని డేటాను దింపుకునేందుకు డిస్క్‌లో కేటాయించిన చోటు. దాన్ని ‘చవకరకం ర్యామ్’ అనుకోవడం పొరపాటు. మెమొరీకి బయటి నిల్వను జతచేయడం పాత పద్ధతే: 1962లో మాంచెస్టర్‌లో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటర్ చిన్న కోర్ మెమొరీనీ పెద్ద డ్రమ్మునూ కలిపి ఒకే నిల్వగా చూపింది. నేటి యంత్రాల్లో మెమొరీ సాధారణంగా 4 కిలోబైట్ల పేజీలనే ముక్కలుగా ఉంటుంది, ఆ పేజీలు రెండు రకాలు. ప్రోగ్రామ్ కోడ్ వంటి పేజీలకు డిస్క్‌లో అసలు ప్రతి ఉంటుంది కనుక నిశ్చింతగా వదిలేయవచ్చు. ప్రోగ్రామ్ నడుస్తుండగా సృష్టించుకున్న డేటాకు అలాంటి ప్రతి లేదు. స్వాప్ లేకపోతే, గంటల తరబడి ఎవరూ తాకకపోయినా అది ర్యామ్‌లోనే తిష్ఠ వేస్తుంది. బరువంతా కోడ్ పేజీల మీద పడుతుంది, కాసేపట్లో మళ్లీ కావలసినవే బయటికి పోతాయి.

ర్యామ్ దండిగా ఉన్నప్పుడు స్వాప్ ఎందుకు, అది మొదలైతే యంత్రం మొరాయిస్తుంది కదా అన్నది తరచు వినిపించే ఆక్షేపణ. అనుభవం నిజమే, నేరం మోపిన చోటే తప్పు. తిరిగే డిస్క్ ర్యామ్ కంటే సుమారు లక్ష రెట్లు నెమ్మది, ఎస్‌ఎస్‌డీ సుమారు వెయ్యి రెట్లు. కానీ 1968లో పీటర్ డెన్నింగ్ వివరించినట్టు, నడుస్తున్న ప్రోగ్రామ్‌లకు అప్పటికప్పుడు కావలసిన పేజీల మొత్తం ర్యామ్‌ను మించితేనే ఈ పెనుగులాట. స్వాప్ తీసేసినా అది ఆగదు, కోడ్ పేజీలతో సాగుతుంది. సర్వర్ నిర్వాహకుల వాదనలో మాత్రం పస ఉంది: గంటసేపు ఈడ్చే యంత్రం కంటే వెంటనే చచ్చే ప్రోగ్రామే మేలన్నది వారి మాట. అందుకే కొందరు స్వాప్‌ను చిన్నదిగా ఉంచుతారు, ఫోన్లలోనైతే దింపాల్సిన పేజీలను ర్యామ్‌లోనే కుదించి దాస్తారు. అదీ చాలనప్పుడు లినక్స్ ఎక్కువ మెమొరీ పట్టుకున్న ప్రోగ్రామ్‌ను ఎంచుకొని చంపేస్తుంది.