గొంతులు మారినా నిలిచిన పాట: సినాచ్ ఆరాధన గీతాల్లో రచయిత స్థానం

ఆరాధన నడిపించే గాయకుల గురించి రాసేటప్పుడు ఆల్బమ్‌లు, కచేరీలు, అవార్డులు వరుసగా పేర్చడం అలవాటైపోయింది. నైజీరియా గాయని సినాచ్ విషయంలో ఆ వరుస అసలు సంగతిని దాటేస్తుంది. ఆమె పాటను దేశదేశాలకు మోసుకెళ్లినవాటిలో ఇతరుల గొంతులే ఎక్కువ. కనుక ఆమెను ముందుగా రచయిత్రిగా చదవాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ఒసినాచి కాలు ఒకోరో ఎగ్బు ఆమె పూర్తి పేరు. సొంత ప్రాంతం ఎబోన్యీ రాష్ట్రం. పోర్ట్ హార్కోర్ట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివారు. పాస్టర్ క్రిస్ ఒయాఖిలోమే స్థాపించిన క్రైస్ట్ ఎంబసీ సంఘంలో క్వయర్ గాయనిగా మొదలై, అక్కడే ఆరాధన నడిపించే స్థాయికి ఎదిగారు. ఆమె రచనాపద్ధతిని ఈ క్వయర్ జీవితమే తీర్చిందని నా అభిప్రాయం. వేలమంది ఉన్న సభలో కొత్త పాట ఎత్తుకుంటే, రెండోసారి పల్లవి వచ్చేసరికి సభంతా అందుకోవాలి. అలాంటి చోట సాహిత్యం క్లుప్తంగానూ స్వరం అందుబాటులోనూ ఉండక తప్పదు.

ఆమె రెండు ప్రసిద్ధ గీతాలను పక్కపక్కన పెడితే ఒక ముఖ్యమైన తేడా కనిపిస్తుంది. ‘ఐ నో హూ ఐ యామ్’లో పాడేది విశ్వాసి తన గురించే: తానెవరో, దేవునిలో తనకున్న స్థానమేమిటో నమ్మకంగా ప్రకటించుకోవడం. క్రైస్ట్ ఎంబసీ బోధలో ఇలాంటి ప్రకటనకు పెద్దపీట. ‘వే మేకర్’ ఆ దిశను తిప్పింది. అందులో మాటలన్నీ దేవునితోనే. పల్లవి ఆయన బిరుదుల వరుస. ఆ సంఘంతో ముడిపడిన సమృద్ధి బోధను, అంటే విశ్వాసికి సంపద, ఆరోగ్యం దక్కుతాయన్న బోధను, అంగీకరించని సంఘాలకు కూడా ఈ పాటలో అభ్యంతరం చెప్పాల్సిన మాట దొరకదు. శాఖల గోడలు దాటడానికి స్వరం ఎంత కారణమో, ఈ సంబోధన కూడా అంతే కారణమని నేను భావిస్తున్నాను. విమర్శకులు దీన్ని తగినంతగా పట్టించుకోలేదు.

2015 డిసెంబరు చివర్లో ‘వే మేకర్’ విడుదలైంది. 2019లో అమెరికా బృందం లీలాండ్, ఆ వెంటనే గాయకుడు మైకేల్ డబ్ల్యూ. స్మిత్ తమ గొంతుల్లో అందుకున్నారు. రేడియోలో మోగినవి ప్రధానంగా ఆ రూపాలే. 2020లో కోవిడ్ వేళ ఆసుపత్రుల బయట, అమెరికాలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాతి నిరసనల్లో జనం ఇదే పాట పాడారు. పాట ఇంతగా వ్యాపించినప్పుడు రాసినవారి పేరు మరుగున పడే ప్రమాదం ఉంటుంది. ఇక్కడ అలా జరగకపోవడానికి ఒక కారణం, ఎవరు పాడినా ఆ ఘనతను రచయిత ఖాతాలో వేసే, అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ రచయితల పట్టిక. 2020లో క్రైస్తవ రచయితల పట్టికలో సినాచ్ 12 వారాలు మొదటి స్థానంలో నిలిచారు. ఆ స్థానానికి చేరిన తొలి ఆఫ్రికన్ ఆమే. అదే ఏడాది క్రైస్తవ సంగీతానికిచ్చే డోవ్ అవార్డుల్లో ‘వే మేకర్’కు ఉత్తమ గీతం పురస్కారం దక్కింది. మిషనరీల కాలంలో పాటలు ఎక్కువగా పడమటి దేశాల నుంచి ఆఫ్రికాకు వెళ్లేవి; ఈ పాట ఎదురు ప్రయాణం చేసింది.

తెలుగు సంఘాల్లోనూ దీన్ని అనువాదంలో పాడుతున్నారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం రాగతాళాలతో పాటు రచయిత పేరునూ భద్రపరిచింది. కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి పేరు ఇన్ని తరాలు నిలవడంలో ఆ పద్ధతికీ పాత్ర ఉంది. ఆరాధన వేళ తెరమీద వేసే సాహిత్యం కింద కూడా అలాగే సినాచ్ పేరు, అనువదించినవారి పేరు ఉండాలి. సమకాలీన ఆరాధన గీతాల చరిత్ర రాయబోయే తెలుగు పరిశోధకులకు మొదట కావలసిన ఆధారం అదే.